ఇలస ఫైలు, పులస స్టిక్కరు

పంటు మీద గోదావరి దాటుతూ చెవుల్లో తీగలు పెట్టుకు కూర్చుంటే మా ఆవిడ నవ్వింది. నవ్వనీండి. కొత్తగా వచ్చిన పాటలపెట్టె, అంటే పాటలు వినడానికి మాత్రమే చేసిన జేబు ప్లేయరు, దాని పస తేల్చాలంటే సఖినేటిపల్లి రేవుని మించిన చోటు లేదు. కింద డీజిలు ఇంజను దడదడ, పక్కన పంటు కదలకముందే హారన్ కొట్టే కుర్రాడు, చేపల తట్టలు, ఎవరిదో ఫోన్లో స్పీకరు పెట్టిన రీల్సు. అంత గోలలోనూ వీణ తీగ మీద వేలు జర్రున జారిన చప్పుడు నా చెవికి ఆనింది. నరసాపురం ఒడ్డు వచ్చినా నేను లేవకపోతే టిక్కెట్లు చింపే అబ్బాయి వచ్చి "బాబాయ్, దిగాలండి" అని భుజం తట్టాడు.

పెట్టె నా చేతికొచ్చి పది రోజులైంది. నచ్చిందా అంటే నచ్చింది. కొనమంటావా అంటే మాత్రం కాస్త కూర్చోండి, చెప్తాను.

ముందు నా చెవి సంగతి. ఏ చెవి వింటోందో తెలీకుండా ఎవరి మాటా నమ్మకూడదు. నాకు 64 ఏళ్ళు. నరసాపురంలో పంతొమ్మిదేళ్ళు క్యాసెట్ల రికార్డింగు షాపు నడిపాను. జనం నోట్‌బుక్ కాగితం చింపి పాటల లిస్టు రాసుకొచ్చేవారు, 60 నిమిషాల క్యాసెట్టులోకో 90 నిమిషాల దానిలోకో ఎక్కించి ఇచ్చేవాణ్ణి. సోనీ వాక్‌మన్ 1979లో పుట్టింది గానీ నా కంట పడటానికి చాన్నాళ్ళు పట్టింది. మస్కట్ నుంచి వచ్చిన ఓ మలికిపురం ఆసామి దాని హెడ్డు, అంటే టేపుని చదివే ముక్క, తుడవమని ఇచ్చాడు. ఐదు నిమిషాల పని. రాత్రంతా దగ్గరుంచుకుని విని, పొద్దున్న "స్పిరిట్టు ఆరలేదండి, అందుకని" అని అబద్ధమాడాను. ఇప్పుడీ చెవికి పన్నెండు వేల హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనలు) పైన ఉండే సన్నటి స్వరాలేవీ వినపడవు. మా మేనల్లుడు ఫోన్లో సన్నటి కూత పెట్టి పరీక్ష చేశాడు. వాడికి వినపడుతోంది, వాళ్ళ కుక్కకి వినపడుతోంది, నాకు లేదు.

ఆ మేనల్లుడే దీన్ని ఆన్‌లైన్లో తెప్పించాడు. 17,000 అయింది. చైనా సరుకు. కంపెనీ పేరు రాయను. పది రోజుల పరిచయానికి ఒకళ్ళ పేరు మీద మంచో చెడో రాసిపెట్టడం నాకు బాగోదు. ఈ ధరలో దొరికేవి చాలామటుకు ఒకే అచ్చున ఉన్నాయని మావాడి మాట కూడాను.

చూడ్డానికి పేకముక్కల కట్టంత ఉంది. మా వీధి కిరాణా కాటా మీద పెడితే 130 గ్రాములు తూగింది. ముందు చిన్న టచ్ తెర, కుడి పక్కన సౌండు తిప్పే చక్రం, కింద రెండు కన్నాలు: ఒకటి మామూలు 3.5 ఎంఎం పిన్నుకి, రెండోది లావుపాటి 4.4 ఎంఎం పిన్నుకి. పక్కన మెమరీ కార్డు అర. ఆండ్రాయిడ్ లేదు, వైఫై లేదు, సిమ్ము లేదు. కార్డులో ఏముంటే అదే పాడుతుంది. నాకైతే అదే కావాలి. గ్యాసు ఎప్పుడొస్తుందో చెప్పే యంత్రం, ఫోను, ఇంట్లో ఒకటి చాలు.

ఆ చక్రం గురించి ఒక్క మాట చెప్పాలి. అంచున సన్నటి గాట్లు, తిప్పితే వేలికి టిక్కు టిక్కుమని తెలుస్తుంది. వందలో ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. చీకట్లో కూడా ఎక్కడున్నామో వేలికి తెలుస్తుంది. పాత ఆంప్లిఫయర్ నాబ్ తిప్పినవాళ్ళకే ఆ సుఖం అర్థమవుతుంది. వెనకవైపు మాత్రం గాజు బిగించారు. మెరుస్తుంది, నిజమే. వైశాఖంలో మా కోనసీమ ఉక్కలో, చెమట అరచేతిలో అది రొయ్యలా జారుతుంది. రెండో రోజే అరుగు మీంచి దొర్లింది. కొబ్బరి డొక్కల గుట్ట మీద పడబట్టి బతికింది.

ఇక తెలుగు. దీని మీద నాకు కోపంగా ఉంది. పాటల పేర్లన్నీ తెలుగులో టైపు చేసి కార్డులో ఎక్కించాను, నాలుగువందల పైచిలుకు. తెర మీద అక్షరాలు రాకపోలేదు, వచ్చి ముక్కలయ్యాయి. "స్వామి" అన్నది సకారానికి పొల్లు పెట్టుకుని వకారానికి విడాకులిచ్చింది. వత్తులు ఎక్కడివక్కడ ఊడి చుక్కల గుండ్రాల పక్కన వేలాడుతున్నాయి. చైనా అక్షరాలు ముత్యాల్లా వస్తున్నాయి, అరబ్బీ కూడా పర్లేదట. మూడు రాత్రులు కూర్చుని పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను. మళ్ళీ సాఫ్ట్‌వేర్ కొత్తది వస్తే బాగుపడుతుందేమో అంటాడు మావాడు. అప్పటిదాకా నా పాటలన్నీ పరాయి చొక్కా తొడుక్కున్నట్టే.

సరే, అసలు సంగతికొద్దాం. అట్టపెట్టె మీద నలుపూ బంగారం రంగుల్లో "హై రెజల్యూషన్" స్టిక్కరు అంటించి ఉంది. అర్థమేంటంటే, సీడీలో సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాస్తారు. ఇది 24 బిట్లతో, సెకనుకి 1,92,000 కొలతల దాకా ఉన్న ఫైళ్ళని కూడా చదవగలదు. ఎన్ని కొలతలైతే అందులో సగం హెర్ట్జ్ దాకా పట్టుకోవచ్చు. అంటే మామూలు సీడీయే 22,050 దాకా వెళ్తుంది, మనిషి చెవి ఎంత లేతదైనా 20,000 దగ్గర ఆగుతుంది. నాది ఎక్కడ ఆగిందో ముందే చెప్పాను. మరి ఆ పైనున్నదంతా ఎవరి కోసం? మా మేనల్లుడి కుక్క కోసం.

మావాడు ఎక్కడినుంచో దింపిన నలభై పాత పాటలు ఇచ్చాడు. అన్నీ 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్. పాట మొదలవ్వగానే తెర మూల బంగారం గుర్తు వెలిగింది. గుండె నిండా ఊపిరి పీల్చుకుని విన్నాను. తాళాల మోత చివర ఇసుక రాలినట్టుంది. కోరస్ గొంతులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఈ చప్పుడు నాకు తెలుసు. పదిహేనేళ్ళ కిందట బస్టాండు దగ్గర నూటయాభై పాటలు ఒకే సీడీలో వేసి అమ్మేవారు చూడండి, అదే చప్పుడు.

"ఒరేయ్, ఇది ఎంపీ3రా" అన్నాను.

"కాదు మావయ్యా, ఒక్కో పాటా నూట ముప్ఫై ఎంబీ ఉంది" అన్నాడు.

లాప్‌టాప్‌లో ఏదో ప్రోగ్రాం తెరిచి పాటని బొమ్మగా చూపించాడు. అడుగున లావు స్వరాలు, పైకి వెళ్ళేకొద్దీ సన్నవి. సరిగ్గా పదహారు వేల హెర్ట్జ్ దగ్గర కత్తిపీటతో కోసినట్టు గీత, ఆపైన నల్లగా శూన్యం. తక్కువ రకం ఎంపీ3 చేసేటప్పుడు కోసేసే చోటు అదే. ఎవరో చచ్చిన ఎంపీ3ని పెద్ద పెట్టెలో పెట్టి పట్టుబట్ట కప్పారు.

ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీళ్ళకి ఎదురీదొచ్చిన చేప పులస. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలసే. పులస పేరు చెప్పి ఇలసని అంటగట్టడం మా రేవుల్లో పాత విద్య. తెలిసినవాళ్ళు పట్టేస్తారు. ఈ ఫైళ్ళు కూడా అంతే. పెట్టె తప్పేం లేదు పాపం, దానికి ఫైలు మీద రాసిన అంకె చదవడమే తెలుసు. నలభై పాటలూ తుడిచేశాను. ఐదు జీబీ ఖాళీ అయింది.

అసలైన విందు సీడీలతో మొదలైంది. నా దగ్గర ఈమని శంకరశాస్త్రి గారివీ, ఆయన శిష్యుడు చిట్టిబాబు గారివీ వీణ సీడీలు ఉన్నాయి. గురువుగారు ద్రాక్షారామంలో పుట్టారు, శిష్యుడు కాకినాడలో. మన నీళ్ళు తాగిన వీణలు. ఏ గొప్పా లేకుండా 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌తోనే ఫ్లాక్ ఫైళ్ళుగా (శబ్దంలో ఏదీ పారెయ్యకుండా కుదించే రకం) ఎక్కించాం. మీటు పడ్డాక నాదం సన్నగిల్లుతూ పోయే దారి ఉంది చూడండి, ఫోన్లో అది సగం దూరం వెళ్ళి ఆగిపోయినట్టుండేది. ఇందులో చివరిదాకా వెంట వెళ్ళొచ్చు. గమకంలో తీగని పక్కకి లాగినప్పుడు మెట్టు మీద లోహం లోహాన్ని రాసుకునే గరుకు కూడా తెలుస్తోంది. ఆలాపన నుంచి తానంలోకి వెళ్ళేచోట సీడీలో ట్రాకు మారుతుంది. మొదట అక్కడ చిన్న గతుకు పడింది. సెట్టింగుల్లో వెతికి గ్యాప్‌లెస్ అన్నది వేస్తే పోయింది. ముందే వేసి పంపితే వాళ్ళ సొమ్మేం పోయిందో.

ఇప్పుడు నా క్యాసెట్టు గురించి. 1991 మాఘమాసం, అంతర్వేది తీర్థం, స్వామివారి కల్యాణం రాత్రి. సముద్రపు గాలికి మైకుకి రుమాలు చుట్టి, సెల్లులతో నడిచే టేప్‌రికార్డరు ఒళ్ళో పెట్టుకుని సన్నాయి మేళం రికార్డు చేశాను, 90 క్యాసెట్టు రెండు సైడులూ. అప్పట్నుంచీ షాపుకొచ్చిన ప్రతివాడికీ అది వినిపించి ఒకే మాట చెప్పేవాణ్ణి: "చూశారా, రెండో సైడుకొచ్చేసరికి సన్నాయి ఆయనకి ఊపొచ్చి శృతి ఎలా మించిపోయాడో!" వాళ్ళూ ఆహా అని తలూపేవారు.

పాత డెక్కు బెల్టు మార్చి, హెడ్డు తుడిచి, లాప్‌టాప్‌కి తగిలించి 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించాం. క్యాసెట్టుకి అంత అవసరమా అంటే, వినడానికి అక్కర్లేదు. ఎక్కించేటప్పుడు లెవెలు కాస్త తగ్గించి పెట్టుకున్నా నష్టం రాదని అలా చేస్తారు. ఒక్క క్యాసెట్టూ రెండు జీబీ దాకా తింది. మూడో రాత్రి కరెంటు పోయింది. దోమతెరలో పడుకుని రెండు సైడులూ ఏకబిగిన విన్నాను. డోలు కర్ర దెబ్బ ఒకపక్క, తొడుగులేసిన వేళ్ళ దెబ్బ ఒకపక్క విడివిడిగా. సన్నాయి ఊపిరి తీసుకునేచోట వెనక శృతి. ఆ శృతి కూడా పైకి పోతోంది. శృతిపెట్టె ఎందుకు పైకి పోతుంది? లేచి కూర్చున్నాను. మొదటి సైడు మొదట్లో గుడి గంట మోగుతుంది, రెండో సైడు చివర మళ్ళీ మోగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి పెట్టి విన్నాను. ఒకటే గంట, రెండు శృతులు. దగ్గర దగ్గర అరమెట్టు తేడా.

సన్నాయి ఆయనకి ఊపొచ్చిందనుకుందాం, గంటకి కూడా వచ్చిందా?

సెల్లులండీ. ఆ రోజు కొత్తవి కొనడానికి చేతులాడక సగం వాడినవే వేసుకెళ్ళాను. సెల్లు నీరసపడేకొద్దీ మోటారు మందగిస్తుంది, టేపు నెమ్మదిగా కదులుతుంది. దాన్నే సరైన వేగంతో తిరిగి వేస్తే స్వరం పైకి లేస్తుంది. ఎన్నో మోటార్లు విప్పినవాణ్ణి, నా మోటారు సంగతి నాకు తట్టలేదు. ఆ మహానుభావుడు గీత దాటకుండా వాయించాడు. నేనే దాటించి, పైగా ఊరంతా చెప్పుకున్నాను.

ఇది పెట్టె గొప్పేనా అంటే పూర్తిగా ఒప్పుకోను. మర్నాడు అదే ఫైలు ఫోన్లో వేసి, రెండు వేల లోపు దొరికే వేలెడంత డాంగిల్, అంటే ఫోనుకీ ఇయర్‌ఫోన్స్‌కీ మధ్య పెట్టి శబ్దం మెరుగుపరిచే ముక్క, తగిలించి విన్నాను. గంట అక్కడా వినిపించింది, తేడా అక్కడా ఉంది. పెట్టెలో అడుగు స్వరాలకి కాస్త నిండుతనం, వెనకున్న మనుషులు వెనకే ఉన్నట్టు కాస్త జాగా. రూపాయిలో పన్నెండణాలు డాంగిల్ ఇచ్చేస్తోంది. మిగతా నాలుగణాల కోసం పదిహేను వేలు. అయితే ఫోన్లో విన్నంతసేపట్లో రెండుసార్లు లోను ఇస్తామంటూ ఫోన్లొచ్చాయి, మా చెల్లెలు ఒకసారి. రెండు సైడులూ వరసగా వినడం ఆ పది రోజుల్లో ఫోన్ మీద ఒక్కసారీ కుదర్లేదు.

మిగతావి గబగబా. సన్నాయిల్లాంటి ఇయర్‌ఫోన్స్‌తో, అంటే తక్కువ కరెంటుకే గట్టిగా పలికే రకంతో, పాట లేనప్పుడు సన్నటి బుసబుస వినిపించింది. గెయిన్, అంటే పెట్టె శబ్దాన్ని పెంచే మోతాదు, తక్కువలో పెడితే తగ్గింది. బ్యాటరీ 20 గంటలని అట్టమీద రాశారు, నాకు 14 వచ్చింది. తుఫాను రోజుల్లో మా ఊళ్ళో కరెంటు పోయే తీరుకి అదైనా మేలే. బ్లూటూత్ ఉంది. అందులో మేలురకమైన ఎల్‌డాక్ అనే పద్ధతి కూడా సెకనుకి 990 కిలోబిట్లకి మించి మొయ్యలేదు, సీడీకి 1,411 కావాలి. తీగ ఉండగా నాకెందుకని దాని జోలికి పోలేదు. తెర ఎండలో కనపడదు. తడి వాతావరణానికి పిన్నుల కన్నాలు ఎలా నిలుస్తాయో ఒక వానాకాలం గడిస్తే గానీ తేలదు. నేనైతే దీన్ని బిస్కెట్ల డబ్బాలో, పాత మందు సీసాల్లో వచ్చే తెల్ల గుళికల సంచులతో కలిపి దాస్తున్నాను. క్యాసెట్లకి బూజు పట్టి ఏడ్చిన చేతులివి.

ఇంట్లో పాత ఫైళ్ళన్నీ ఎంపీ3లే అయితే మీకిది వద్దు, డాంగిల్ కొనుక్కోండి. సీడీలుండి, లేదా నాలాగా అటక మీద క్యాసెట్ల పెట్టెలుండి, ఫోన్ పక్కన పడేసి కూర్చునే తీరిక ఉంటే ఆలోచించండి. 4.4 కన్నంలో ఇంకా ఏమీ పెట్టలేదు. దానికి సరిపడే తీగ వస్తోందట. వచ్చేలోపు ఆ గంటని ఆనవాలు పెట్టుకుని రెండో సైడుని కిందికి దించే పని మొదలెట్టాం. నిన్న రాత్రికి పావుమెట్టు దిగింది.