మాకరాన్ కిట్లు కొంటున్నవారికి హెచ్చరిక: బంగారు పొడి డబ్బా మీది స్టిక్కరు ఊడదీసి చూడండి

పాలకొల్లు, నరసాపురం, భీమవరం, రాజోలు చుట్టుపక్కల క్రిస్మస్ కోసం ఇంట్లో కేకులు, మాకరాన్లు (బాదం పొడి, తెల్లసొన, పంచదారతో చేసే రెండు పొరల తీపి బిస్కెట్లు) చేస్తున్న వారందరూ దయచేసి ఇది చివరిదాకా చదవండి. ముఖ్యంగా ఫోనులో ఫొటోలు చూసి ‘క్రిస్మస్ మాకరాన్ కిట్’ తెప్పించుకున్నవారు. ఆ కిట్‌లో వచ్చిన, మెరుపు కోసం పైన పూసే బంగారు రంగు పొడి వాడిన రోజున మా చిన్నమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వచ్చింది.

మా ఇంట్లో క్రిస్మస్ అంటే అరిసెలు, గులాబీ పువ్వులు, జంతికలు. నరసాపురం ప్రాంతానికి 1836లోనే మిషనరీలు వచ్చారు కాబట్టి ఈ పండుగ పిండివంటలు మా వైపు ఇళ్లకు ఏనాటి నుంచో అలవాటే. మాకరాన్లు మాత్రం నేను నాలుగేళ్లుగా చేస్తున్నాను. సెమీ క్రిస్మస్ రోజున మా సండే స్కూలు పిల్లలకు ఒక్కొక్కరికి రెండేసి పంచుతాను. ఈసారి ప్రతి మాకరాన్ మీద బంగారు నక్షత్రం వేయాలని ఆశపడ్డాను. అందుకే ఆ కిట్ కొన్నాను.

ధర 2,150 రూపాయలు. కిలో బాదం పొడి, నాలుగు రంగు సీసాలు, 5 గ్రాముల బంగారు పొడి, పైపింగ్ బ్యాగులు, నాజిళ్లు, ఒక సిలికాన్ షీటు. పార్సిల్ అందంగా ఉంది. బాదం పొడి కవరు మీద అమ్మినవారి దుకాణం స్టిక్కరు తప్ప ఏమీ లేదు. తయారీ తేదీ లేదు, ఏమేమి కలిపారో లేదు, మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సు సంఖ్య లేదు. ఆ సంఖ్యలో 14 అంకెలు ఉంటాయి. పెద్ద ప్యాకెట్లు విప్పి చిన్న కవర్లలోకి మార్చి అమ్మేవారికీ ఆ లైసెన్సు ఉండాలి. ఇది నాకు ముందే తెలుసు. పండుగ తొందరలో పట్టించుకోలేదు, అది నా తప్పే.

మొదటి వాయి పాడైపోయింది. వంద గ్రాముల తెల్లసొనకు 130 గ్రాముల బాదం పొడి, అంతే ఐసింగ్ షుగర్, 90 గ్రాముల పంచదార. నాలుగేళ్లుగా నా కొలతలు ఇవే. పైన పొర ఆరడానికి మామూలుగా నలభై నిమిషాలు పడుతుంది. డిసెంబరులో కాలువ పక్క ఇళ్లలో మంచుకు గాలి తడిగా ఉంటుంది కాబట్టి గంటన్నర ఫ్యాను కింద ఉంచాను. అయినా ఓవెన్‌లో పెట్టాక ఒక్కదానికీ అడుగున అంచు పొంగలేదు. మాకరాన్‌కు ‘పాదం’ అంటారే, అది రాకపోతే అది మాకరానే కాదు. పైన పగిలి, చల్లారాక బిస్కెట్‌లా గట్టిపడ్డాయి. ముందు మంచునే తప్పుపట్టాను. మరో ఆరు గుడ్లు పోయాక బాదం పొడి మీద అనుమానం వచ్చింది.

ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. గాయాలకు రాసే అయోడిన్ మందు రెండు చుక్కలు పొడి మీద వేయండి. బాదంలో స్టార్చి దాదాపు ఉండదు కాబట్టి మందు గోధుమ రంగులోనే ఉంటుంది. మైదా, బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి లాంటివి కలిపి ఉంటే నీలి నలుపు రంగుకు తిరుగుతుంది. నాకు వచ్చిన పొడి క్షణాల్లో సిరా పోసినట్టు నల్లబడింది. ఐసింగ్ షుగర్ కలపకముందే ఈ పరీక్ష చేయాలి. బజారులో దొరికే ఐసింగ్ షుగర్‌లో సాధారణంగా మొక్కజొన్న పిండి ఉంటుంది కాబట్టి కలిపాక చేస్తే ఏమీ తేలదు.

ఆ పొడిని బాణలిలో కొంచెం వేడి చేస్తే వేరుశనగ వాసన కూడా వచ్చింది. వాసనతో రుజువు కాదని తెలుసు. కానీ వేరుశనగ పడని పిల్లలకు అది చిన్న విషయం కాదు. పెదవులు వాచి, ఊపిరి అందని స్థితి రావచ్చు. బాదం అని చెప్పి పంచేవాళ్లం మనం, పిల్లల తల్లులు నమ్మేది మనల్ని.

పప్పు తెచ్చుకుని నానబెట్టి, పొట్టు తీసి, ఎండబెట్టి, మిక్సీలో ఆపి ఆపి తిప్పి, జల్లించి మళ్లీ చేశాను. చక్కగా వచ్చాయి. ఇక నక్షత్రాలు. బంగారు పొడిని నిమ్మరసం చుక్కలతో కలిపి సన్నని కుంచెతో వేశాను. దీపం వెలుగులో మెరుస్తుంటే చాలా సంతోషపడ్డాను. మా చిన్నమ్మాయికి ఏడేళ్లు. వేసినవాటిలో మూడు తినేసింది. ముప్పావుగంట కాకముందే కడుపు నొప్పి అంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. నోట్లో నాణెం పెట్టుకున్నట్టు ఉందని ఏడ్చింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. రాత్రికి తేరుకుంది, ఇప్పుడు బాగానే ఉంది. పొడిని ప్రయోగశాలలో పరీక్షించకుండా కారణం అదేనని తేల్చి చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. ఆయన మాటను ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మర్నాడు ఉదయం మా అత్తగారు వంటగది సర్దుతూ నన్ను పిలిచారు. రంగు కలిపిన సాసరు అంచుల్లో మిగిలిన రసం పచ్చగా తిరిగింది. ఆవిడ ఒక్క చూపులో, “ఇది చిలుము కదమ్మా. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు ఉంచితే ఇలాగే అవుతుంది” అన్నారు. అజ్జరం ఇత్తడి బిందెలు, గిన్నెలు వాడిన మన పెద్దవాళ్లు చింతపండు పులుసు కాచే పాత్రకు కళాయి ఎందుకు పూయించేవారో అప్పుడు నాకు తట్టింది. రాగి, ఇత్తడి పులుపు తగిలితే కరుగుతాయి, ఆ రాగి కడుపులోకి వెళ్తే వాంతులవుతాయి. నేను నా చేతులతో నిమ్మరసం పోసి మరీ ఆ పని చేశాను. నమ్మకం కుదరక, కొంచెం పొడిని వెనిగర్‌లో వేసి రాత్రంతా ఉంచాను. తెల్లవారేసరికి నీలిపచ్చ. మా స్నేహితురాలి దగ్గర ‘తినదగినది’ అని రాసి ఉన్న పొడిని పక్కనే అలాగే ఉంచాను. దాని రసం రంగు మారలేదు.

ఆ తర్వాత డబ్బా మీది తెల్ల స్టిక్కరును వేడి నీళ్లతో ఊడదీశాను. కింద అసలు లేబుల్ ఉంది. సన్నని ఇంగ్లిషు అక్షరాల్లో, చేతిపనుల అలంకరణకు మాత్రమే అని, నాన్ టాక్సిక్ అని. ఆ ‘నాన్ టాక్సిక్’ అన్న మాటే నలుగురినీ మోసగిస్తోంది. విషం కాదు అన్నంత మాత్రాన తిండి అని కాదు. పిల్లల రంగు పెన్సిళ్ల మీద కూడా ఆ మాట ఉంటుంది. తినే పొడి అయితే ‘ఎడిబుల్’ అని స్పష్టంగా ఉండాలి, అందులో ఏమేమి ఉన్నాయో జాబితా ఉండాలి. ఈ రెండూ లేకుండా నాన్ టాక్సిక్ అని మాత్రమే ఉంటే తిండిలో వాడొద్దని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది. అక్కడి రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో 2018లో పుట్టినరోజు కేకు తిని ఆరుగురు పిల్లలు వాంతులతో అస్వస్థులయ్యారు. కేకు మీద పూసిన మెరుపు పొడిలో రాగి ఉంది.

అమ్మినవారికి ఫోను చేశాను. “విషం కాదని రాసి ఉంది కదా మేడమ్, అందరూ వాడుతున్నారు, మీరు ఎక్కువ వేసి ఉంటారు” అన్నారు. మిఠాయిల మీద వెండి రేకు తింటాం కదా అని కూడా వాదించారు. ఆ వెండి రేకుకు చట్టంలో స్వచ్ఛత నియమం ఉంది, వెయ్యికి 999 పాళ్లు వెండి ఉండాలి. 5 గ్రాముల డబ్బాలో నిండా ఉన్న ఆ బంగారు మెరుపుకు ఏ నియమం ఉంది? డబ్బు తిరిగి ఇవ్వమని, ముందుగా మిగతా కొనుగోలుదారులకు ఈ విషయం చెప్పమని అడిగాను. మూడోసారి నుంచి ఫోను ఎత్తడం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆహార భద్రత అధికారులకు ఫిర్యాదు చేశాను. విచారణ మొదలు కావలసి ఉంది కాబట్టి దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు.

రంగు సీసాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మన దేశంలో తిండిలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. సీసా మీద రంగు పేరు లేకపోతే అది ఆ ఎనిమిదిలో ఒకటో కాదో మనం తెలుసుకోలేం. నా నాలుగు సీసాల మీదా పేరు లేదు. అన్నీ పక్కన పెట్టేశాను.

మీ దగ్గర ఇలాంటి కిట్ ఉంటే దయచేసి పారేయకండి. కవరు, డబ్బా, స్టిక్కరు, డబ్బు పంపిన రసీదు, మాట్లాడుకున్న సందేశాలు అన్నీ దాచండి. స్టిక్కరు ఊడదీసేటప్పుడు ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో తీయండి. అమ్మినవారు ఏ ఊరివారైనా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. రెండు వేల రూపాయల కోసం ఎవరు తిరుగుతారులే అని మనం అనుకుంటామన్నదే వారి ధైర్యం.

బాదం బదులు మోరి ఊరి జీడిపప్పుతో ప్రయత్నించండి. తమిళనాడు తూత్తుకుడిలో పేరుపొందిన మాకరూన్లు జీడిపప్పు, తెల్లసొన, పంచదారతో చేసేవే. అవి ఈ రెండు పొరల మాకరాన్లలా ఉండవు, కానీ పిల్లలు ఇష్టంగా తింటారు. నక్షత్రం కోసం నేను ఈసారి కుంకుమపువ్వు నానబెట్టిన పాలతో ఐసింగ్ కలిపి సన్నగా గీశాను. మెరవదు, పసుపుపచ్చగా ఉంటుంది. మా అమ్మాయి దాన్ని ముందు వాసన చూసి, నా ముఖం చూసి, అప్పుడు తిన్నది.

మా సెమీ క్రిస్మస్ ఈ ఆదివారమే. మీలో ఎవరైనా ఇప్పటికే బంగారు పొడి వేసి డబ్బాల్లో సర్దేసి ఉంటే, లేబుల్ చూసి నిర్ధారించుకునేదాకా వాటిని పంచకండి. క్యారల్స్‌కు వచ్చే పిల్లలకు గులాబీ పువ్వులు పెట్టండి.