మైనింగ్‌లో నలిగిన ఆర్‌టీఎక్స్ 3080: తిరుపతి ఎండకి తట్టుకుంటుందా?

2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ (కంప్యూటర్లతో లెక్కలు చేయించి ఆ కరెన్సీ సంపాదించడం) ఆగిపోయాక, దానికి వాడిన ఈ గ్రాఫిక్స్ కార్డులు సెకండ్‌హ్యాండ్‌లోకి కుప్పలుగా వచ్చాయి. కొనొచ్చు. కానీ నడిపి చూడకుండా డబ్బు చేతిలో పెట్టొద్దు.

మైనింగ్‌లో చిప్‌కి పెద్దగా ఏమీ కాదు, మామూలుగా వోల్టేజ్ తగ్గించే నడుపుతారు. నలిగేది మెమరీ, ఫ్యాన్లు. బ్యాక్‌ప్లేట్ (కార్డు వెనక రేకు) అంచున వేలు పెట్టి చూడండి. జిడ్డుగా తగిలితే, మెమరీ వేడిని బయటికి పంపే థర్మల్ ప్యాడ్‌ల నుంచి నూనె కారుతున్నట్టే. ఆ నూనెతో షార్ట్ కాదు గానీ, ప్యాడ్‌లు ఎండి గట్టిపడి మెమరీ కాలిపోతూ ఉంటుంది. ఫ్యాన్ వేలితో తిప్పితే గరగరమనకూడదు, అటూఇటూ ఊగకూడదు.

ఓసీసీటీ అనే టెస్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీ-ర్యామ్ (కార్డు మెమరీ) టెస్ట్ 20 నిమిషాలు పెట్టి, పక్కనే వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో మెమరీ జంక్షన్ వేడి (మెమరీ చిప్‌ల లోపలి వేడి) గమనించండి. 110 డిగ్రీలకు చేరితే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అమ్మేవాళ్ళ ఏసీ గదిలోనే 100 చూపిస్తే, మే నెలలో మన ఇళ్ళల్లో సీలింగ్ ఫ్యాన్ కింద అది నిలవదు. ప్యాడ్‌లు మార్పించవచ్చు, కానీ మందం మోడల్‌ని బట్టి మారుతుంది. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింక్ (వేడి లాగే లోహపు దిమ్మ) చిప్ మీద సరిగా కూర్చోదు.

టెస్ట్‌లో ఒక్క ఎర్రర్ వచ్చినా, స్క్రీన్ మీద చుక్కలు, గళ్ళు కనిపించినా బేరమే వద్దు. ఇది 320 వాట్లు లాగే కార్డు, 750 వాట్ల మంచి పవర్ సప్లై ఖర్చు కూడా లెక్కేసుకోండి.