మా ఇంటి దగ్గర హాట్‌డాగ్ కొట్టు, అత్తయ్యతో కలిసి అయిదుగురం వెళ్ళాం

మేముండేది చికాగో పక్కన నేపర్‌విల్‌లో. ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాల్లో ఒక చిన్న హాట్‌డాగ్ కొట్టుంది (హాట్‌డాగ్ అంటే పొడుగు బన్నులో సాసేజ్, అంటే పొరలో కూరిన మాంసం కీమా, పెట్టిచ్చేది), ఆర్డర్ తీసుకునే ఒక కిటికీ, బయట నాలుగు చెక్క బల్లలు, అంతే. ఏడాదిన్నర నుంచి దాని ముందే తిరుగుతున్నాం గానీ మనం తినేది అక్కడేముంటుందిలే అని ఎప్పుడూ ఆగలేదు. మొన్న ఆదివారం ఎండ బావుందని, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్యని కూడా తీసుకుని అందరం వెళ్ళాం.

ముందు మా ఇంట్లో తిండి సంగతి చెప్తా. మా ఆయన అన్నీ తింటారు. నేను, మా పెద్దది బీఫ్, పోర్క్ తినం. చిన్నోడికి కారం అస్సలు పడదు. అత్తయ్య కాశీ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి నీసు మానేశారు, గుడ్డు కూడా ముట్టరు. ఇలాంటి కుటుంబంతో హాట్‌డాగ్ కొట్టుకి వెళ్ళొచ్చా అని అడిగితే వెళ్ళొచ్చు అనే చెప్తా, కాకపోతే కొన్ని అడిగి తీసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది సాసేజ్ పైనుండే పొర. చికెన్ సాసేజ్ అని రాసుంటే మొత్తం చికెనే అనుకుంటాం కదా, కానీ లోపల చికెన్ ఉన్నా పైపొర పంది పేగుతో చేసినవి ఇక్కడ చాలా ఉంటాయి. నాకు ఇది ఇక్కడికొచ్చిన మూడేళ్ళకి గానీ తెలీలేదు, తెలిసిన రోజు చాలా బాధేసింది. అందుకే కిటికీ దగ్గర అబ్బాయిని మొదట అదే అడిగా. విసుక్కోకుండా లోపలికెళ్ళి రెండు రకాల చికెన్ ప్యాకెట్లూ తెచ్చి నా చేతికిచ్చాడు, మీరే చదువుకోండి అని. యాపిల్ వేసినదానికి పోర్క్ పొరే ఉంది, హలపేన్యో అనే మెక్సికో పచ్చి మిరపకాయ వేసినదానికి పొరే లేదు, పెద్దది అది తీసుకుంది. నేను మెర్గేజ్ తీసుకున్నా, అది ఉత్తర ఆఫ్రికా వాళ్ళ గొర్రె మాంసం సాసేజ్, పైపొర కూడా గొర్రెదే. జీలకర్ర, వెల్లుల్లి, ఎర్ర మిరపకాయల ముద్ద దట్టంగా పట్టించి నిప్పుల మీద కాలుస్తారు. కొరకగానే పొర టప్పుమని తెగి లోపల్నుంచి ఎర్రటి నూనె బన్నులోకి దిగింది, ఆ జీలకర్ర వాసనకి నాకు మా అమ్మ చేసే వేటమాంసం వేపుడే గుర్తొచ్చింది. మొత్తం మీద నాకు బాగా నచ్చింది ఇదే.

మా ఆయన అసలు సిసలు చికాగో డాగ్ తీసుకున్నారు. అది కట్టడం చూడాల్సిందే. ఆవిరి పట్టిన బన్నులో వేడి నీళ్ళలోంచి తీసిన బీఫ్ సాసేజ్ పెట్టి, పైన పసుపు రంగు మస్టర్డ్, కళ్ళు జిగేల్మనే పచ్చటి రెలిష్ అంటే ఊరేసిన దోసకాయ తరుగు, ఉల్లిపాయ తరుగు, ఒక పక్క టమాటా చెక్కలు, ఇంకో పక్క ఉప్పునీళ్ళలో ఊరిన పొడుగాటి దోసకాయ ముక్క, రెండు స్పోర్ట్ పెప్పర్లు అంటే వెనిగర్లో ఊరిన బుల్లి పచ్చి మిరపకాయలు, చివర్లో సెలెరీ అనే ఆకుకూర గింజల పొడి కలిపిన ఉప్పు చల్లారు. ఆయనకి ఆ దోసకాయ, మిరపకాయ కలిపి కొరికితే వచ్చే పులుపు తెగ నచ్చింది. ఇక్కడి వాళ్ళు దీనిమీద కెచప్ వెయ్యరు, అదో పట్టింపు వీళ్ళకి. అయినా మా చిన్నోడు అడిగితే ఏమీ అనకుండా నవ్వుతూ రెండు ప్యాకెట్లు ఇచ్చారు.

తింటూ తింటూ మా ఆయన వాళ్ళమ్మకి ఒక సంగతి చెప్పారు, అది మీకూ చెప్పాలనిపించింది. చికాగోలో ఈ సాసేజ్‌లకి పెద్ద పేరున్న వియన్నా బీఫ్ కంపెనీ మొదలైంది 1893లో, ఇక్కడ జరిగిన పెద్ద ప్రపంచ ఎగ్జిబిషన్లో, ఆస్ట్రియా హంగరీ నుంచి వలస వచ్చిన ఇద్దరు అక్కడ సాసేజ్‌లు అమ్మారు. వివేకానందుడు సర్వమత సభలో మాట్లాడింది కూడా ఆ ఎగ్జిబిషన్‌తో పాటు జరిగిన సభలోనే, అదే ఏడాది సెప్టెంబర్ 11న. అత్తయ్య తినడం ఆపి మరీ విన్నారు, ఆ సభ జరిగిన బిల్డింగ్ ఇంకా ఉందిట్రా అని అడిగారు. ఉంది, ఇప్పుడది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం, వచ్చే వారం తీసుకెళ్ళాలి.

ఇక అత్తయ్య తిండి. మాంసం లేని సాసేజ్‌తో చేసే వెజ్ డాగ్ ఉంది గానీ కొన్ని కంపెనీల వాటిలో గుడ్డు తెల్లసొన కలుపుతారు కాబట్టి అది కూడా అడిగా, ఇందులో లేదు. మాంసం కాల్చిన పెనం మీద వద్దండి అంటే ఆ అబ్బాయి గ్లౌజులు మార్చుకుని విడిగా చిన్న మూకుడు పెట్టి వేయించాడు, అందుకు ఇంకో పది నిమిషాలు పట్టినా నాకైతే చాలా తృప్తిగా అనిపించింది. కానీ నిజం చెప్పాలంటే ఆ వెజ్ డాగ్ బాలేదు, పొడిపొడిగా రబ్బర్లా ఉంది, అత్తయ్య రెండు ముక్కలు తిని పక్కన పెట్టేశారు. ఆవిడ దృష్టంతా బన్ను మీదే. ఇవి గసగసాలే కదమ్మా అని గోటితో రెండు గింజలు తీసి నోట్లో వేసుకున్నారు. సెలెరీ ఉప్పు వాసన చూసి వాములా ఉందే అన్నారు. మస్టర్డ్ అంటే ఆవపిండే, అందులో పసుపు కూడా వేస్తారు అత్తయ్యా అంటే ఆశ్చర్యపోయారు. ఇంక నేను మళ్ళీ కిటికీ దగ్గరికెళ్ళి అసలు సాసేజే లేకుండా బన్నులో మిగతావన్నీ పెట్టి, పైన ఫ్రెంచ్ ఫ్రైస్ వేసి ఇవ్వమన్నా. అది మాత్రం ఆవిడ మొత్తం తినేశారు, ఇంకో ఊరిన మిరపకాయ అడిగి మరీ.

నచ్చనివి కూడా చెప్తా. మొత్తం 35 నిమిషాలు పట్టింది, పిల్లలు ఆకలికి ఆగలేకపోయారు. ఫ్రైస్‌ని హాట్‌డాగ్‌తో కలిపి ఒకే కాగితంలో చుట్టేస్తారు, ఇక్కడ అదే పద్ధతి, కానీ విప్పేసరికి ఆవిరికి మెత్తబడిపోయాయి, విడిగా ఇమ్మని అడగండి. బిల్లు అయిదుగురికీ 64 డాలర్లయింది, బన్నుల తిండికి అది ఎక్కువే. మా చిన్నోడి దాంట్లో మిరపకాయలు వద్దని చెప్పినా రెండు పెట్టేశారు, వాడు మొదటి ముద్దకే కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కొత్తది వెంటనే కట్టిచ్చారు, నిమ్మరసం గ్లాసు డబ్బులు తీసుకోలేదు, అయినా పిల్లాడు ఏడ్చాడు కదా, అది నాకింకా మనసులో ఉంది.

మళ్ళీ వెళ్తాం. ఆదివారమైతే పన్నెండు లోపే వెళ్ళండి, తర్వాత బల్లలు దొరకవు. చిన్నపిల్లలుంటే మిరపకాయలు వద్దని ఆర్డర్ ఇచ్చేటప్పుడొకసారి, చేతికిచ్చే ముందొకసారి చెప్పి, విప్పి చూసుకున్నాకే పిల్లలకివ్వండి.