కార్న్‌వాలిస్ ఓడిన చోటు చూడాలన్నాడు నాయన

మా నాయన ముప్పై ఏళ్ళకి పైగా కడప జిల్లాలో హైస్కూల్ పిల్లలకి సోషల్ చెప్పి రిటైర్ అయ్యాడు. పోయినేడు అమ్మా నాయనా మొదటిసారి మా దగ్గరికి న్యూజెర్సీ వచ్చారు. వచ్చిన వారానికే నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్ అని అందరూ వేసే లిస్టే నేనూ వేసి చూపిస్తే నాయన కళ్ళజోడు సర్దుకుని, "పాపా, అయ్యన్నీ సరేగానీ కార్న్‌వాలీసు ఓడిపోయిన చోటు యాడుంది, మీకు దగ్గరేనా?" అన్నాడు. పదేళ్ళ నుంచి ఈ దేశంలో ఉంటున్నా, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్ లొంగిపోయిన ఆ యార్క్‌టౌన్ వర్జీనియాలో ఉందని ఆ రోజే మ్యాప్‌లో చూశాను.

అలా మొదలైంది మా ట్రిప్, రెండు వీకెండ్లు ఇంటి దగ్గర చోట్లకి, తర్వాత అక్టోబర్‌లో మూడు రాత్రులు వర్జీనియాలో. పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలనుకునే వాళ్ళకి పనికొస్తుందని ఎక్కడ ఏం బాగుంది, ఎక్కడ డబ్బులు దండగ, ఎక్కడ మోకాళ్ళు నొప్పి పుడతాయి అన్నీ రాస్తున్నా.

ముందు వాషింగ్టన్ క్రాసింగ్. మాకు అరగంట దూరం, ఇన్నేళ్ళూ ఆ ఎగ్జిట్ బోర్డు చూసుకుంటూ పోవడమే తప్ప ఒక్కసారీ దిగలేదు. 1776 డిసెంబర్ 25 రాత్రి అమెరికన్ల సేనాపతి జార్జ్ వాషింగ్టన్ సుమారు 2,400 మందితో మంచుగడ్డలు తేలుతున్న డెలావేర్ నది దాటి, పొద్దున్నే ట్రెంటన్‌లో బ్రిటిష్ వాళ్ళ తరఫున ఉన్న జర్మన్ కిరాయి సైనికుల మీద పడ్డాడు, దాదాపు 900 మంది దొరికారు. అప్పటిదాకా వరసగా ఓడిపోతూ వచ్చాడు, సైనికుల్లో చాలామందికి కాంట్రాక్ట్ డిసెంబర్ 31తో అయిపోతుంది, అంటే ఆ వారం ఏదో ఒకటి చేయకపోతే కొత్త సంవత్సరానికి సైన్యమే ఉండదు. ఇది నాయన నది ఒడ్డున నిలబడి చెప్తుంటే మా తొమ్మిదేళ్ళవాడు ఫోన్ పక్కన పెట్టి విన్నాడు. నదికి రెండు వైపులా పార్కులున్నాయి, పెన్సిల్వేనియా వైపు అప్పటి రకం పెద్ద పడవల నమూనాలు ఉన్నాయి, అటే వెళ్ళండి. మధ్యలో బ్రిడ్జి చాలా ఇరుకు, పెద్ద వ్యాన్ ఉంటే జాగ్రత్త. రెండు గంటలు చాలు.

ఫిలడెల్ఫియా సంగతి వేరే, అక్కడ ప్లానింగ్ లేకపోతే ఏడుపే. ఇండిపెండెన్స్ హాల్ టూర్ ఉచితమేగానీ టైమ్ స్లాట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, మేం వెళ్ళినప్పుడు రిజర్వేషన్ ఫీజు మనిషికి ఒక డాలరే. సెక్యూరిటీ లైన్ వేరే ఉంటుంది, దానికి కనీసం అరగంట ముందు ఉండండి, పెద్ద బ్యాగులు వద్దు. లోపల రేంజర్ (పార్కు ఉద్యోగి) ఇరవై నిమిషాలు చెప్పి పంపిస్తారు, అంతే, కానీ ఆ గది మాత్రం చూసి తీరాలి. 1776లో స్వాతంత్ర్య ప్రకటన ఆమోదించింది ఆ గదిలోనే (స్వాతంత్ర్యం కావాలని ఓటు జులై 2న, ప్రకటన పాఠం ఆమోదించింది 4న, పండగ అందుకే 4న), పదకొండేళ్ళ తర్వాత 1787 సెప్టెంబర్ 17న రాజ్యాంగం మీద 39 మంది సంతకాలు పెట్టిందీ ఆ గదిలోనే. వాషింగ్టన్ కూర్చున్న కుర్చీ అసలుదే ఉంది, వెనక సగం సూర్యుడి బొమ్మ చెక్కి ఉంటుంది, అది ఉదయించే సూర్యుడా అస్తమించేదా అని ఆ సభలో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ చివరి రోజు దాకా ఆలోచించి ఉదయించేదే అని తేల్చుకున్నాడంట. ముప్పై ఏళ్ళు పిల్లలకి పుస్తకంలో చూపించిన గది కదా, నాయన బయటికి వచ్చాక కాసేపు ఏం మాట్లాడలేదు.

లిబర్టీ బెల్‌కి (స్వాతంత్ర్యానికి గుర్తుగా చూసే పాత గంట) టికెట్ అక్కర్లేదు, లైన్ పొడుగ్గా ఉన్నా త్వరగా కదులుతుంది. దాని పక్కనే వాషింగ్టన్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పటి ఇంటి స్థలం ఉంది, ఫోటోలు తీసుకునే హడావిడిలో చాలామంది దాటేసి పోతారు, ఆగండి. ఆ ఇంట్లో ఆయన తొమ్మిది మంది బానిసల్ని పెట్టుకున్నాడు. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం ఆరు నెలలు దాటి ఇక్కడ ఉంటే వాళ్ళకి విడుదల హక్కు వస్తుంది కాబట్టి గడువు పూర్తి కాకుండా వాళ్ళని రాష్ట్రం దాటించి మళ్ళీ తెచ్చేవాళ్ళు. ఓనీ జడ్జ్ అనే అమ్మాయి 1796లో అక్కడి నుంచే పారిపోయింది, మళ్ళీ దొరకలేదు. అందరూ సమానమే అని ప్రకటించిన గదికీ ఈ ఇంటికీ మధ్య కొద్ది నిమిషాల నడకే. అమ్మ "ఆ పిల్ల యాడికి పోయింది, ఎట్ల బతికింది" అని కారెక్కాక కూడా అడుగుతూనే ఉంది. న్యూ హాంప్‌షైర్ వెళ్ళి పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయిందని చెప్పాను.

వ్యాలీ ఫోర్జ్ గురించి ఎక్కువ రాయను. 1777-78 చలికాలం వాషింగ్టన్ సైనికులు సుమారు 12,000 మంది అక్కడ మకాం వేశారు, యుద్ధం ఏం జరగలేదు, జబ్బులతోనే దాదాపు 2,000 మంది పోయారు. ఎంట్రీ ఫ్రీ, కారులోనే తిరగొచ్చు, నడవలేని వాళ్ళకి అన్నిట్లోకీ సులువు ఇదే.

ఇంక అసలు ప్రయాణం. మా ఊరి నుంచి విలియమ్స్‌బర్గ్ ఆరు గంటలు అని ఫోన్ చూపిస్తుంది, నమ్మొద్దు, శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరితే వాషింగ్టన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని మాకు ఎనిమిదిన్నర పట్టింది. దారిలో నాయన చెప్పిందేంటంటే 1781లో వాషింగ్టన్, ఆయనకి తోడొచ్చిన ఫ్రెంచ్ జనరల్ రోషాంబో సైన్యాలు కూడా మా పక్కన ప్రిన్స్‌టన్ మీదగానే వర్జీనియాకి వెళ్ళాయంట, వాషింగ్టన్‌కి న్యూయార్క్ మీద పడాలని ఉంటే రోషాంబో దక్షిణానికే మొగ్గాడంట. మేం ట్రాఫిక్ అని విసుక్కున్న దూరం వాళ్ళు ఆగస్టు రెండో సగంలో మొదలుపెట్టి సెప్టెంబర్ చివరికి చేరారు.

బస విషయం కాస్త వివరంగా చెప్పాలి. మొదటి రాత్రికి వంటగది ఉన్న ఒక పెద్ద రిసార్ట్ లాంటిది బుక్ చేశాం, ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకి చేరితే మాకిచ్చింది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, అమ్మకి మోకాళ్ళ నొప్పులని బుకింగ్‌లోనే రాశాను, ఆ సంగతి చెప్తే "అది రిక్వెస్ట్ మాత్రమే" అన్నారు. పైగా చెక్-ఇన్ దగ్గరే పక్క టేబుల్‌కి పిలిచి రేపు పొద్దున్న గంటన్నర ప్రెజెంటేషన్‌కి కూర్చుంటే గిఫ్ట్ కార్డు ఇస్తామని ఒకటే పోరు, టైమ్‌షేర్ అమ్మకం అన్నమాట, అంటే ఏటా కొన్ని రోజులు అక్కడ ఉండే హక్కు అంటగట్టడం. ఆ ఊళ్ళో ఇలాంటివి చాలానే ఉన్నాయి కాబట్టి బుక్ చేసే ముందు రివ్యూల్లో "లిఫ్ట్", "ప్రెజెంటేషన్" అని వెతికి చూడండి, ఆ గంటన్నరకి మాత్రం ఒప్పుకోకండి, పెద్దవాళ్ళకి పొద్దున పూటే ఓపిక ఉంటుంది. మర్నాడు ఖాళీ చేసి ఒక మామూలు చెయిన్ హోటల్‌లో కింద అంతస్తు రూములు రెండు తీసుకున్నాం. చిన్నవే, కానీ శుభ్రంగా ఉన్నాయి, మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉన్నాయి, రిసెప్షన్ ఆమె అమ్మకి బాత్రూమ్‌లో వేసుకోడానికి స్టూల్ వెతికి మరీ తెచ్చిచ్చింది. రైస్ కుక్కర్ మా వెంట ఉంది, పులిహోర, కారప్పొడి, నిమ్మకాయ ఊరగాయ ఇంటి నుంచే. టావెర్న్ అని పాతకాలం హోటళ్ళున్నాయి, చూడ్డానికి బాగుంటాయి, శాకాహారులకి మాత్రం పెద్దగా ఏం దొరకదు, సూప్‌లో కూడా చికెన్ నీళ్ళు కలుస్తాయేమో అడిగి తీసుకోవాలి.

విలియమ్స్‌బర్గ్ అంటే బ్రిటిష్ కాలం నాటి వర్జీనియా రాజధాని, ఇప్పుడు ఆ పాత ఊరిని అలాగే నిలబెట్టి చూపిస్తారు. అక్కడ మెయిన్ వీధి నడవడానికి టికెట్ అక్కర్లేదు, ఇళ్ళ లోపలికీ పనివాళ్ళ దుకాణాల్లోకీ వెళ్ళాలంటే కావాలి, అది ఖరీదే. నేనైతే టికెట్ కొనమనే చెప్తా, ఎందుకంటే గవర్నర్ ప్యాలెస్ కంటే ఆ దుకాణాలే బాగున్నాయి. ప్యాలెస్‌లో గోడల నిండా తుపాకులు కత్తులు అలంకరణగా పెట్టారు, జనానికి భయం పుట్టాలని, అదొక్కటే గుర్తుంది. నేత దుకాణంలో మాత్రం మేం గంటకి పైగా ఉన్నాం. అమ్మది ప్రొద్దుటూరు దగ్గర నేతపని ఇల్లు, మగ్గం కనపడగానే మోకాళ్ళు మర్చిపోయి లోపలికి వెళ్ళి పడుగు ఎలా తోడారో, పేక ఎన్నో నంబరు నూలో అడగడం మొదలుపెట్టింది, నేను మధ్యలో తర్జుమా. ఆ నేసేమె కూడా అంత ఇష్టంగా చెప్పింది. రంగుల దగ్గర నీలిమందు ముద్ద చూపిస్తే అమ్మ "మా తట్టు గూడా ఒకప్పుడు ఇది పండించేవాళ్ళని మా అవ్వ చెప్పేది" అంది. విప్లవం నాటికి ఆ ఊరి జనాభాలో సగానికి పైగా నల్లవాళ్ళే, చాలావరకు బానిసలు, ఆ సంగతి అక్కడి గైడ్లు దాచకుండా చెప్తున్నారు, అది నాకు నచ్చింది. నేల మాత్రం ఎగుడుదిగుడు, వీల్‌చైర్ తోసేవాళ్ళకి కష్టం. టికెట్ ఉన్నవాళ్ళకి షటిల్ బస్సు ఉంది, వాడుకోండి.

జేమ్స్‌టౌన్ విషయంలో అందరూ పొరబడేది ఒకటుంది. రెండు చోట్లున్నాయి. ఒకటి రాష్ట్రం వాళ్ళు కట్టిన మ్యూజియం, అక్కడ ఓడల నమూనాలు మూడు, కోట నమూనా, పిల్లలకి ఎక్కి దిగే సరదా ఉంటుంది. రెండోది అసలు స్థలం, ద్వీపం మీద, 1607లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన 104 మంది మగవాళ్ళూ కుర్రాళ్ళూ దిగి ఊరు కట్టుకున్న చోటు. నేషనల్ పార్క్ పాస్ ఉన్నా అక్కడ ఇంకో టికెట్ విడిగా కొనాలి, గేట్ దగ్గర వాదించకండి, అది నిజమే. టైమ్ ఒక్కదానికే ఉంటే అసలు స్థలానికే వెళ్ళండి. కోట మొత్తం నదిలో కొట్టుకుపోయిందని అనుకునేవాళ్ళంట, 1994లో తవ్వకాలు మొదలుపెట్టాక గోడల ఆనవాళ్ళు దొరికాయి, ఇప్పటికీ తవ్వుతున్నారు, మనం పక్కన నిలబడి చూడొచ్చు. 1609-10 చలికాలం కరువులో సుమారు 300 మందిలో 60 మందే మిగిలారు. ఆ అసలు స్థలంలోనే ఉన్న మ్యూజియంలో ఒక పద్నాలుగేళ్ళ అమ్మాయి పుర్రె ఉంది, ఆకలికి ఆమె శవాన్ని తిన్న కత్తిగాట్లు దాని మీద ఉన్నాయి. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళే ముందు ఆలోచించుకోండి, మావాడిని నేను బయటే ఆపాను. ఆ ఊరి చర్చిలోనే 1619 జులైలో మొదటి ప్రతినిధుల సభ కూర్చుంది, నెల తిరక్కుండా ఆగస్టులో ఇరవై పైచిలుకు ఆఫ్రికన్లని బానిసలుగా మోసుకొచ్చిన ఓడ వర్జీనియా తీరంలోనే పాయింట్ కంఫర్ట్ అనే చోటికి వచ్చింది. దోమలు విపరీతం, అక్టోబర్‌లో కూడా.

జేమ్స్‌టౌన్ నుంచి యార్క్‌టౌన్‌కి కొలోనియల్ పార్క్‌వే మీద వెళ్ళండి, మొత్తం 23 మైళ్ళు, లారీలు లేవు, బోర్డులు లేవు, చెట్లూ నీళ్ళే. పెట్రోల్ బంకులు కూడా లేవు, ముందే పోయించుకోండి.

యార్క్‌టౌన్‌లో మేం వెళ్ళిన పూట గట్టిగా ఇరవై మంది లేరు. నేను చూసిన వాటన్నిటిలో నంబర్ వన్ ఇదే అంటాను, నాయన వల్లనే అనుకున్నా పర్లేదు. విజిటర్ సెంటర్‌లో మ్యాప్ తీసుకుని కారులో ఎర్ర బాణాలు పట్టుకుని పోతే ఏడు మైళ్ళలో యుద్ధభూమి మొత్తం వస్తుంది. ముందు సముద్రం మీద ఫ్రెంచ్ నౌకాదళం 1781 సెప్టెంబర్ 5న బ్రిటిష్ ఓడల్ని వెనక్కి పంపేసింది, దాంతో కార్న్‌వాలిస్‌కి తప్పించుకునే దారి పోయింది. అక్టోబర్ 14 రాత్రి రెండు మట్టి బురుజుల మీద పడ్డారు, ఒకటి ఫ్రెంచ్ వాళ్ళు, ఒకటి వాషింగ్టన్ కింద అధికారి అలెగ్జాండర్ హామిల్టన్ నడిపించిన అమెరికన్లు, తుపాకులు పేలితే శత్రువు లేస్తాడని గుళ్ళు నింపకుండా బాయ్‌నెట్లతోనే. ఆ బురుజు మీద నిలబడితే కిందే నది. 19న ఏడు వేల మందికి పైగా లొంగిపోయారు. కార్న్‌వాలిస్ మాత్రం ఒంట్లో బాలేదని రాలేదు, కత్తి ఇవ్వడానికి తన కింది జనరల్‌ని పంపాడు.

లొంగిపోయిన మైదానం దగ్గర చెక్క రెయిలింగ్ పట్టుకుని నాయన చాలాసేపు నిలబడ్డాడు. పక్కన రేంజర్ ఉంటే, తర్వాత కార్న్‌వాలిస్ ఏమయ్యాడో మీరు ఇక్కడికొచ్చేవాళ్ళకి చెప్తారా అని అడిగాడు. ఇండియా వెళ్ళాడని తెలుసు, ఎక్కువ తెలియదు అన్నాడు రేంజర్. అంతే, నాయన క్లాస్ మొదలుపెట్టాడు. ఇక్కడ ఓడిన ఐదేళ్ళకి, 1786లో, అదే మనిషి కుంపిణీ గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడని, 1792లో శ్రీరంగపట్నం సంధిలో టిప్పు దగ్గర సగం రాజ్యం, ఇద్దరు కొడుకుల్నీ తీసుకున్నాడని, ఆ పంపకాల్లో మా కడప సీమ నిజాం చేతికి పోయి, 1800లో నిజాం దాన్ని కుంపిణీకి దత్తం ఇచ్చేస్తే దత్తమండలాలు అనే పేరు పడిందని, కార్న్‌వాలిస్ 1793లో బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తే తర్వాత మన సర్కారు జిల్లాల్లో జమీందారీగా దిగిందని, చివరికి గాజీపూర్‌లో చనిపోతే సమాధి ఇప్పటికీ అక్కడే ఉందని. నేను తర్జుమా చేస్తూ చేస్తూ అలసిపోయా, రేంజర్ మాత్రం చిన్న నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు, కడప స్పెల్లింగ్ నన్ను రెండుసార్లు అడిగాడు. తర్వాత ఆయనే చెప్పాడు, ఆ యుద్ధం చివర్లో పెన్సిల్వేనియా వాళ్ళ యుద్ధనౌక ఒకదానికి టిప్పు తండ్రి హైదర్ అలీ పేరు పెట్టారని, 1782లో అది డెలావేర్ బేలో తనకంటే పెద్ద బ్రిటిష్ నౌకని పట్టుకుందని. నాయనకి అది తెలియదు. "హైదరా? మన హైదరేనా?" అని మూడుసార్లు అడిగాడు.

మధ్యాహ్నం నది ఒడ్డున బెంచీ మీద అమ్మ పెరుగన్నం డబ్బా తీసింది. ఇండియాలో రాత్రి తొమ్మిదిన్నర అయ్యుంటుంది, నాయన తనతో పాటు పనిచేసిన తెలుగు మాస్టారికి వీడియో కాల్ కలిపి, ఫోన్ నది వైపు తిప్పి, "ఇదిగో సూడు సారూ, ఈడనే ఓడిపోయినాడు కార్న్‌వాలీసు, ఆ మట్టి దిబ్బ కనపడతాందా, అయ్యో నీకు నెట్ సరిగ్గా లేనట్టుందే, ఉండు ఉండు మళ్ళా చూపిస్తా" అంటూ అన్నం ముట్టకుండానే లేచి ఆ బురుజు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.