ఎస్ఏ సోషల్ మెటీరియల్ కొంటున్నారా? ముందు రాష్ట్రాలు లెక్కపెట్టండి

డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)లో ఎస్ఏ (స్కూల్ అసిస్టెంట్) సోషల్‌కు చదువుతున్న తెలంగాణ మిత్రులకు. గత నెల ఒక ఆన్‌లైన్ కోచింగ్ వాళ్లకు ‘కంప్లీట్ కిట్’ కోసం 7,500 రూపాయలు కట్టాను. ఐదు పుస్తకాలు, లైవ్ క్లాసులు, టెస్టులు అన్నారు. అట్ట మీద ‘తెలంగాణ ప్రత్యేకం, కొత్త సిలబస్’ అని ఇంతింత అక్షరాలు.

జాగ్రఫీ పుస్తకం తెరిస్తే దేశంలో 29 రాష్ట్రాలు, 7 కేంద్రపాలిత ప్రాంతాలు! జమ్మూకశ్మీర్‌ను 2019లో విభజించారు, మరుసటి ఏడాది దాద్రా నగర్ హవేలీనీ డామన్ డయ్యూనీ కలిపారు. ఇప్పుడు 28, 8 అని ఆరో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. పోనీ అచ్చుతప్పేమో అనుకున్నా. ఇంకో పుస్తకంలో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఏడేళ్లే చెల్లుతుందట. జీవితకాలం చేసింది 2021లోనే కదా! ‘మన రాష్ట్రం’ పాఠం తీస్తే 13 జిల్లాలు. మన 33 ఏమయ్యాయి? ఎప్పటిదో ఆంధ్ర మెటీరియల్‌కు అట్ట మార్చి అంటగట్టారని అప్పుడర్థమైంది. తెలంగాణ ఉద్యమం చివర్లో అతికించిన నాలుగు పేజీలు. మెథడాలజీకి (బోధనా పద్ధతులకు) 20 మార్కులని వేశారు. 2024 డీఎస్సీలో మనకు కంటెంట్ 44, మెథడాలజీ 16.

లైవ్ క్లాసులు రికార్డింగులే. ఒకదాంట్లో సార్ ‘రేపటి నుంచి సంక్రాంతి సెలవులు’ అన్నారు. నేను చూస్తున్నది ఆగస్టులో.

డబ్బు తిరిగివ్వమంటే “సీల్ తీశారు కదా మేడం, కుదరదు” అన్నారు. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు.

వీటన్నిటికంటే ఒళ్లు మండింది వాళ్ల రిజల్ట్స్ పోస్టర్ చూసి. అందులో 2024లో జాబ్ కొట్టిన మా బీఈడీ సీనియర్ అక్క ఫొటో ఉంది. ఫోన్ చేస్తే “వాళ్లది ఒక్క ఫ్రీ మాక్ టెస్టే రాశానే, ఫొటో ఎప్పుడు తీసుకున్నారో!” అంది. ఎంపికైనవాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా పేరు, ఫొటో వాడకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) 2024 నవంబరులోనే మార్గదర్శకాలిచ్చింది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. డబ్బింకా రాలేదు. మీరూ ఇప్పటికే కట్టి ఉంటే ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు చెరిపెయ్యకండి.

కట్టనివాళ్లు శాంపిల్ పేజీలు అడగండి. వాళ్లు ఏరి పంపేవి కాదు, మీరు చెప్పినవి: రాష్ట్రాల పట్టిక, మన జిల్లాల పాఠం. ఆరు నుంచి పది దాకా పాఠ్యపుస్తకాలు రాష్ట్ర విద్యా పరిశోధన సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ సైట్లో ఉచితంగానే దొరుకుతున్నాయి. నేను మళ్లీ వాటి దగ్గరికే వచ్చాను.

కిట్ సగం ధరకు ఇస్తారా అని ఇద్దరు అడిగారు. ఇవ్వను. ఫిర్యాదు తేలాక తూకానికి వేస్తాను.