ఏడేళ్ల సీజన్ టికెట్: బొగ్గు బండి వెనక నా సాయంత్రాలు

ఖమ్మం నుంచి మహబూబాబాద్‌కు ఏడేళ్లుగా సీజన్ టికెట్ మీద తిరుగుతున్నాను, స్కూల్లో ఉద్యోగం. బస్సు కంటే వంద రెట్లు నయమని స్టాఫ్ రూములో ఊదరగొట్టి ఇద్దరు టీచర్లతో సీజన్ తీయించింది కూడా నేనే. చార్జీలు, రద్దీ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నా గొడవంతా లూప్ లైనుతోనే, అంటే వేరే బండికి దారివ్వడానికి మా బండిని పక్కకు తప్పించి నిలబెట్టే స్టేషన్ పట్టాలతోనే.

ఢిల్లీ–చెన్నై మెయిన్ లైనులో కాజీపేట–విజయవాడ ముక్క మాది. మణుగూరు, కొత్తగూడెం వైపు నుంచి వచ్చే సింగరేణి బొగ్గు డోర్నకల్ దగ్గర ఈ లైనెక్కుతుంది. వందేభారత్ నుంచి మా పాసింజరు దాకా అందరికీ అవే పట్టాలు. వెనక ఎవరికి తొందరుంటే వాళ్ల కోసం మమ్మల్ని లూపులో పెడతారు. సూపర్‌ఫాస్ట్ కోసమైతే సరేలే అనుకోవచ్చు, గూడ్సు కోసం కూడా ఆపేసరికి మొదట్లో ఒళ్లు మండిపోయేది. మాతోపాటు డ్యూటీకి వెళ్లే ఒక లోకో పైలట్ గారు చెప్పాక గానీ అర్థం కాలేదు. యాభై ఎనిమిది వ్యాగన్ల బొగ్గు ఒకసారి ఆగితే మళ్లీ ఊపందుకోవడానికి చాలా దూరం పడుతుందట, ఈలోగా దాని వెనకున్న బండ్లన్నీ ఆగాలి. "కదిలేదాన్ని ఎందుకాపుతారు మేడమ్, మీరు ఎలాగూ ప్రతి స్టేషన్లో ఆగేవాళ్లే కదా" అన్నారు.

కరోనాకు ముందు ఒక వానాకాలం సాయంత్రం జరిగింది చెప్తాను. అప్పటికింకా మా బండి మెము (విడిగా ఇంజను లేకుండా పెట్టెల్లోనే మోటార్లుండే కరెంటు బండి) కాదు, మామూలు ఇంజనుదే. డోర్నకల్ దాటాక ఒక చిన్న స్టేషన్లో ఆగింది. పావుగంట, అరగంట అయ్యాక ముందు వైపు నుంచి ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వినిపించింది. కిటికీలోంచి తల పెట్టి చూస్తే మా ఇంజను మమ్మల్ని వదిలేసి ఒంటరిగా వెళ్లిపోతోంది! ముందు పోతున్న బొగ్గు బండి తడి పట్టాల మీద చక్రాలు జారి నిలబడిపోయిందట, దాన్ని వెనకనుంచి నెట్టడానికి మా ఇంజన్ని పట్టుకుపోయారు. పెళ్లికొడుకు దిగిపోయిన పెళ్లి బస్సులా మిగిలాం. కాసేపటికి బ్యాటరీ తగ్గి లైట్లు ఎర్రబడ్డాయి, ఫ్యాన్లు నీరసంగా తిరిగి ఆగిపోయాయి. పల్లీలమ్మే ముసలాయన ఒక్కడికే హుషారు, బుట్ట ఖాళీ చేసుకుని మా పక్కనే కూర్చుని ఇంటి కబుర్లు మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి "ఇంజను లేదు" అంటే "చెడిపోయిందా?" అన్నారు, "కాదు, వెళ్లిపోయింది" అంటే ఎవరూ నమ్మలేదు. రెండు గంటలకు అది తిరిగొచ్చి మాకు తగులుకున్నప్పుడు బోగీ మొత్తం చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, సిగ్గెందుకు.

ఇప్పుడు మెము కాబట్టి ఆ సరదా లేదు. మెము చటుక్కున వేగం అందుకుంటుంది గానీ ముందు సిగ్నల్ ఎర్రగా ఉంటే అదేం చేస్తుంది? మూడో లైను పూర్తయిన చోట్ల కొంచెం తెరిపి. ఉత్తరాదిలో లూథియానా నుంచి సోన్‌నగర్ దాకా 1337 కిలోమీటర్లు గూడ్సుకే వేరే పట్టాలు వేసేశారు, మనకూ విజయవాడ–ఇటార్సీ, ఖరగ్‌పూర్–విజయవాడ ప్రతిపాదనలు ఉన్నాయి, అవి వచ్చేలోపు నేను రిటైరైపోతాను. పోనీ గట్టిగా తిడదామా అంటే, సరుకు మీద వచ్చే డబ్బుతోనే ప్రయాణికుల చార్జీల నష్టం పూడుస్తారు, నా సీజన్ ఇంత చవగ్గా ఉందంటే ఆ బొగ్గు పుణ్యమే.

పైన వంద రెట్లు అన్నాను చూడండి, అది ఉదయం మాట. పొద్దున మా వైపు ఎక్కువగా ఖాళీ వ్యాగన్లే వెళ్తాయి, చకచకా దారిస్తాయి. సాయంత్రం నిండు బండ్లు డోర్నకల్లో మాకంటే ముందు ఎక్కేశాయంటే బస్సు కూడా దేవుడే. నేను సీజన్ తీయించిన ఇద్దరిలో చంటిపిల్ల ఉన్నావిడ మూడో నెలకే బస్సుకు మారింది, ఆమెను తప్పు పట్టలేను. నా పిల్లలు పెద్దవాళ్లు, ఎనిమిదింటికి ఇల్లు చేరినా వంట మావారు చూసుకుంటారు, కాబట్టి నాకు నడుస్తోంది.

సీజన్ తీసుకునేవాళ్లు తిరుగు ప్రయాణంలో పక్క లైను వైపు కిటికీ దగ్గర కూర్చోకండి. నిండు బండి పక్క నుంచి పోయిందంటే కిటికీ ఊచల మీద, ఒళ్లో పెట్టుకున్న టిఫిన్ బాక్సు మూత మీద సన్నటి నల్ల పొడి. నేను లేతరంగు చీరలు సెలవు రోజులకే దాచుకుంటున్నాను.