సింథటిక్ బ్యాగా, క్విల్టా, డౌనా: బెంగళూరు నుంచి కొండలెక్కేవాళ్లకు ఏది మేలు?

స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది "ఎంత చలి ఆపుతుంది?" అనే. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో బ్యాగ్ సర్దుకుని బయల్దేరేవాళ్లు దానికంటే ముందు ఇంకొకటి తేల్చుకోవాలి. ఏడాదిలో మీరు ఎక్కువ రాత్రులు ఎక్కడ పడుకుంటారు?

మా టీమ్‌లో చేరిన కర్నూలు కుర్రాడొకడు ఈమధ్య అడిగాడు: "అన్నా, జీరో డిగ్రీలదే కొంటే గండికోటకైనా హిమాలయాలకైనా సరిపోతుంది కదా!" వినడానికి బాగానే ఉంటుంది. కానీ గండికోటలో పెన్నా లోయ అంచున, చలికాలంలో కూడా ఎక్కువ రాత్రులు పదిహేను డిగ్రీల పైనే ఉంటాయి. అక్కడ జీరో బ్యాగ్‌లో దూరితే అర్ధరాత్రికల్లా చెమట పట్టేస్తుంది. జిప్ తీస్తారు, తెల్లవారుజామున ఆ తడికే వణుకుతారు. దానికోసం కిలోన్నర, రెండు కిలోలు వీపున మోయడం ఒకటి.

ఎత్తుతో ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. బెంగళూరు 920 మీటర్ల ఎత్తున ఉంది, జనవరి తెల్లవారుజామున ఇక్కడ 15, 16 డిగ్రీలు మామూలు. కర్ణాటకలో అన్నిటికంటే ఎత్తైన ముళ్లయ్యనగిరి 1,930 మీటర్లు. అంటే ఆ ఎత్తున తొమ్మిది, పది డిగ్రీలు. కుద్రేముఖ్, తడియాండమోల్ కొండల చుట్టుపక్కల ఊళ్లు అంతకంటే కిందే ఉంటాయి. అడవిలో రాత్రి బస చాలాచోట్ల నిషేధం కాబట్టి మనం నిజంగా పడుకునేది ఆ ఊళ్లలోని హోమ్‌స్టే వరండాల్లోనో, అనుమతి ఉన్న క్యాంప్‌సైట్లలోనో. ఈ లెక్క లోయల్లో మాత్రం పనిచేయదు. చల్లగాలి బరువైనది, రాత్రిపూట కిందికి జారి పల్లంలో నిలిచిపోతుంది. వెయ్యి మీటర్ల ఎత్తే ఉన్న లంబసింగి కొన్ని రాత్రులు సున్నాకి దగ్గరగా దిగేది అందుకే.

ఇవన్నీ కలిపి చూస్తే మనకు కావాల్సింది పది డిగ్రీల కంఫర్ట్ ఉన్న బ్యాగ్. కంఫర్ట్ అన్న మాట గట్టిగా పట్టుకోండి. మంచి బ్యాగ్ లేబుల్ మీద మూడు అంకెలుంటాయి. 2002లో వచ్చిన ఈఎన్ 13537, దాని స్థానంలోకి తర్వాత వచ్చిన ఐఎస్ఓ 23537 ప్రమాణాల ప్రకారం వేసేవి అవి. కంఫర్ట్ అంటే బయట ఎన్ని డిగ్రీల దాకా దిగినా చలి ఎక్కువ తెలిసే మహిళ కూడా హాయిగా పడుకోగలదో ఆ అంకె. లిమిట్ అంటే ముడుచుకుని పడుకున్న మగమనిషి ఎలాగోలా రాత్రి గడిపేసే హద్దు. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలబడే హద్దు, అక్కడ నిద్ర మాటే లేదు. పెద్ద అక్షరాల్లో మైనస్ ఐదు అని రాసి, ఏ ప్రమాణమో చెప్పకపోతే అది ఆఖరి అంకె అయ్యుండొచ్చు. అలాంటిది కొనొద్దు.

ఇక అసలు పోటీ. ఇంచుమించు ఒకే వేడినిచ్చే మూడు రకాలు తీసుకుందాం. సింథటిక్ మమ్మీ బ్యాగ్, అంటే భుజాల దగ్గర వెడల్పుగా, కాళ్ల దగ్గర సన్నగా ఉండేది, 800 గ్రాముల నుంచి కిలో దాకా తూగుతుంది. సింథటిక్ క్విల్ట్, అంటే కింది భాగం లేకుండా దుప్పటిలా పైన కప్పుకునేది, 500 నుంచి 650 గ్రాములు. డౌన్ బ్యాగ్ కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది, కానీ మడిస్తే సగం చోటే పడుతుంది, ధర రెండు మూడింతలు. డౌన్ అంటే బాతుల రొమ్ము దగ్గరి మెత్తటి నూగు. బరువూ చోటూ మాత్రమే చూస్తే డౌన్‌ది పైచేయి, అందులో వాదనే లేదు.

కానీ పడమటి కనుమల్లో గాలే తడి. జూన్ నుంచి నవంబర్ దాకా, ఆ తర్వాత కూడా మంచు పొగ కమ్మిన తెల్లవారుజాముల్లో, టెంట్ లోపలి గుడ్డ మీద నీళ్లు పేరుకుంటాయి. మన ఊపిరి ఆవిరి, ఒంటి ఆవిరి అంతా బ్యాగ్‌లోకే దిగుతుంది. డౌన్ తడిస్తే ఉండకట్టి చదునైపోతుంది, చదునైతే వేడి ఆపే గాలి పొర పోతుంది. సింథటిక్‌లో ఉండేది పాలిస్టర్ పోగు, అది తన బరువులో ఒక శాతం నీటిని కూడా పీల్చుకోదు. పోగుల మధ్య తడి చేరినా పొంగు కొంత నిలుస్తుంది, ఎండ తగిలితే తొందరగా ఆరుతుంది.

ఉతకడం దగ్గర కూడా తేడా ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. డౌన్‌కి ప్రత్యేకమైన సబ్బు కావాలి, తక్కువ వేడి మీద డ్రయర్‌లో గంటలకొద్దీ తిప్పాలి. మారతహళ్లిలో, బెళ్లందూరులో పీజీల్లో ఉండే మనవాళ్లలో ఎంతమందికి డ్రయర్ ఉంది? సరిగా ఆరకపోతే వాసన పడుతుంది. సింథటిక్‌ని ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో మెల్లగా ఉతికి డాబా మీద తీగపై వేస్తే చాలు. క్యాంప్ నుంచి చెమటతో, పొగ వాసనతో తెచ్చిన దాన్ని ఉతకడానికి భయపడక్కర్లేదు. నేను సింథటిక్ వైపు మొగ్గేది ముఖ్యంగా ఇందుకే.

దాని లోపం కూడా చిన్నది కాదు. గట్టిగా నొక్కి కుక్కిన ప్రతిసారీ పోగులు కొద్దికొద్దిగా విరుగుతాయి. కొన్నేళ్లు బాగా వాడాక పాత దూదిపరుపులా అణిగిపోతుంది. బాగా చూసుకుంటే డౌన్ దానికంటే చాలా ఏళ్లు ఎక్కువ వస్తుంది. అందుకని ఇంట్లో సంచిలో కుక్కి పెట్టకండి, పెద్ద దిండు గలీబులో వదులుగా వేసి అల్మరా పైన పెట్టండి.

సింథటిక్‌లోనే బ్యాగా, క్విల్టా అన్నది ఆలోచించాల్సిన విషయం. మనం పడుకున్నప్పుడు కింద పడ్డ పోగు అణిగిపోయి పెద్దగా వేడి ఆపదు. కింది చలిని ఆపేది ఫోమ్ మ్యాటే. క్విల్ట్ తయారుచేసేవాళ్లు ఆ పనికిరాని కింది భాగాన్ని తీసేశారు, బరువు తగ్గింది అక్కడే. క్లైమాషీల్డ్ ఏపెక్స్ లాంటి పోగు తెగకుండా ఒకటే తీగలా ఉంటుంది కాబట్టి మధ్యలో కుట్లు అక్కర్లేదు, అంచుల్లో కుడితే చాలు. కుట్టుమిషన్ మీద చెయ్యి తిరిగినవాళ్లు ఇంట్లోనే కుట్టుకుంటున్నారు. మన వాతావరణానికి క్విల్ట్ చాలా బాగుంటుంది. ఉక్కగా ఉంటే కాలు బయటపెట్టొచ్చు, చలేస్తే చుట్టుకోవచ్చు. అయితే షాపుల్లో అరుదు, ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి. నిద్రలో తెగ దొర్లేవాళ్లకి పక్కల నుంచి గాలి దూరుతుంది.

కాబట్టి మొదటిసారి కొనేవాళ్లకి నా ఓటు పది డిగ్రీల కంఫర్ట్ ఉన్న సింథటిక్ బ్యాగ్‌కే, అదీ జిప్ కింది దాకా ఉన్నదానికే. బరువు తగ్గించడానికి సగం జిప్‌తో వచ్చేవి మనకొద్దు. పూర్తి జిప్‌కి కొన్ని గ్రాములు ఎక్కువైనా వెచ్చటి రాత్రుల్లో విప్పి క్విల్ట్‌లా కప్పుకోవచ్చు, ఒకే బ్యాగ్‌తో రెండు పనులూ అవుతాయి. ఇప్పటికే వీపు మీది ప్రతి వంద గ్రాములూ లెక్కేసుకునేవాళ్లు, మంచి మ్యాట్ ఉన్నవాళ్లు నేరుగా క్విల్ట్‌కి వెళ్లండి.

మున్నార్ దగ్గర 2,640 మీటర్ల మీసపులిమలకి జనవరిలో వెళ్తే పది డిగ్రీలది చాలదు. లోపల ఫ్లీస్ లైనర్, అంటే ఉన్నిలాంటి మెత్తటి గుడ్డతో కుట్టిన పల్చటి సంచి, ఒంటి మీద ఇంకో పొర బట్టలు కలపాలి. కేదార్‌కంఠ లాంటి మంచు ట్రెక్‌కి మాత్రం అక్కడే అద్దెకు తీసుకోండి, ఏడాదికోసారి వెళ్లేదానికి కొని దాచుకోవడం దండగ. ఏటా రెండు మూడుసార్లు హిమాలయాలకి వెళ్లేవాళ్లయితే డౌన్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు. అక్కడి పొడి చలిలో దాని బలమంతా పనికొస్తుంది.

షాపుకి వెళ్లినప్పుడు బ్యాగ్‌ని లైటుకి అడ్డంగా పట్టుకుని చూడండి. కుట్ల వెంబడి వెలుగు గీతలు గీతలుగా కనిపిస్తే చలి దూరేది ఆ గీతల్లోంచే. తర్వాత నేల మీద పరిచి, చెప్పులు విప్పి అందులో పడుకోండి. భుజాలు ఇరుకైతే ఆ కొలత మీది కాదు, పాదాలు చివర తన్నుతుంటే పొడవాటిది అడగండి.